ఆపద్ధర్మము: వరదనాడు, కార్చిచ్చునాడు

 

 

నిన్నటి ప్రసంగం ముగిసిన పిమ్మట ఒక తల్లి నా దగ్గరకు వచ్చి ఒక మాట అడిగారు. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు ఆమె ఇల్లు మునిగినది. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, పెట్టెలో దాచుకొన్న పెండ్లిచీర, అన్నీ బురదలో కలిసినవి. "అయ్యవారూ! ఇది మీ పాపఫలమే అని మా బంధువు ఒకరు అన్నారు. మేము ఏమి పాపం చేశాము?" అని ఆమె ప్రశ్న. ఏడుస్తూ అడగలేదు, ధర్మసందేహం అడిగినట్లు నిదానంగా అడిగారు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. నేటికి అనుకొన్న విషయాన్ని పక్కన పెట్టి, ఆ తల్లి ప్రశ్నకే ఈ సాయంకాలాన్ని వినియోగిస్తాను.

మన పెద్దలు తాపములు మూడు అన్నారు. మన శరీరం నుంచీ మనస్సు నుంచీ పుట్టేది ఆధ్యాత్మికం. తోటి ప్రాణుల వలన కలిగేది ఆధిభౌతికం. గాలి, నీరు, నిప్పు మొదలైన వాటి వలన కలిగేది ఆధిదైవికం. ఈ మూడూ శమించాలనే శాంతి అనే మాటను మూడుసార్లు పలుకుతాము. వరద ఆధిదైవికం. గోదావరికి ఎవరి ఇల్లు ఎక్కడ ఉన్నదో తెలియదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి, ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి పరీవాహక ప్రాంతాల మీద కుండపోతగా కురిస్తే ఆ నీరంతా మన రేవులకు వచ్చి చేరవలసినదే. దిగువన శబరి కూడ అదే సమయంలో పొంగితే ఈ నీరు త్వరగా పోదు, ఎదురు తన్నుతుంది. నీరు పల్లాన్ని వెతుక్కొంటుంది గాని పాపాత్ముణ్ణి వెతుక్కోదు. పర్ణశాలలో సీతమ్మవారి నారచీరెలు ఆరవేసిన చోటని మనం కన్నులకద్దుకొనే స్థలమే ప్రతి పెద్ద వరదకూ మునుగుతున్నది. ఆ చోటు ఏ పాపం చేసినదని చెప్పగలము?

మరి కర్మసిద్ధాంతం మాట ఏమిటి అని మీలో కొందరికి తోచవచ్చు. కర్మసిద్ధాంతం అబద్ధం కాదు. అది నేను నా విషయంలో అన్వయించుకోవలసిన సిద్ధాంతం. నాకు కష్టం వచ్చినప్పుడు నా నడవడిని సరిచూసుకోవడానికి పనికివస్తుంది. ఎదుటివాడి ఇల్లు మునిగినప్పుడు గట్టున నిలబడి అతనికి వినిపించడానికి అది పుట్టలేదు. అప్పుడు మన వంతు కర్మ ఒక్కటే, అతని చేయి పట్టుకొని పైకి లాగడం. ఆ బంధువు ఎవరో నాకు తెలియదు. తెలిసినా ఈ మాటే చెబుతాను.

జలప్రళయాన్ని గురించి వేదం ఏమి చెప్పినదో చూడండి. శతపథ బ్రాహ్మణంలో మనువు కథ ఉన్నది. ఒక ఉదయం మనువు చేతులు కడుగుకొంటూండగా ఆ నీటిలో ఒక చిన్న చేప చేతికి వచ్చినది. నన్ను పోషించు, నిన్ను తరింపజేస్తాను అన్నది. దేని నుంచి అని మనువు అడిగితే, జలప్రళయం నుంచి అన్నది. చేపను మొదట కుండలో, తరువాత గుంటలో పెంచి, పెరిగిన పిమ్మట సముద్రంలో విడిచాడు. ఫలానా సంవత్సరంలో వరద వస్తుంది, ఓడను సిద్ధం చేసుకో, నీరు లేచినప్పుడు అందులో ఎక్కు అని ఆ చేప చెప్పినది. మనువు అలాగే చేశాడు. నీరు వచ్చిన తరువాత కొయ్య చెక్కడం మొదలుపెట్టలేదు.

ఆ చేప పలికిన మాట మనకు భద్రాచలం రేవులో అంకెల రూపంలో వినిపిస్తుంది. నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. పల్లపు వీధులలో నివసించే తల్లులు పంచాంగంలో తిథి వార నక్షత్రాలు చూసుకొన్నట్లే శ్రావణ భాద్రపదాలలో ఈ మూడు అంకెలూ గుర్తుంచుకోవాలి. హెచ్చరికకు ఎంత విలువ ఉన్నదో మన తీరప్రాంతం చూపించినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు పదివేలకు పైగా ప్రాణాలు పోయినవి. 1990 మే నెలలో దానితో పోల్చదగిన పెనుతుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటినది. ఆనాడు జనాన్ని ముందుగా పెద్ద ఎత్తున తరలించారు. మరణాలు వేయికి లోపే. ఆ లోపు సంఖ్య కూడ చిన్నది కాదు, కాని ఈ రెండు అంకెల నడుమ ఎన్ని కుటుంబాలు నిలిచినవో ఆలోచించండి.

మనువు కథలో మరొక చిన్న మాట ఉన్నది. దానిని చాలమంది పౌరాణికులు వదిలివేస్తారు. ఉత్తరగిరి చేరిన తరువాత చేప ఏమన్నదంటే, ఓడను చెట్టుకు కట్టు, నీరు ఎంత తీస్తే అంతే నీవూ కిందికి దిగు, తొందరపడవద్దు అన్నది. మనువు నీటి వెంట మెల్లమెల్లగా దిగిన ఆ చోటుకు మనోరవసర్పణం అని పేరు వచ్చినది. వరద తీయగానే ఇంటికి పరుగెత్తేవారు ఈ మాట వినాలి. నానిన మట్టిగోడ ఎండ తగిలిన తరువాత కూలుతుంది. అటకమీద పాములు చేరి ఉంటాయి. తడిసిన కరెంటు మీటను తాకితే ప్రాణం పోతుంది. నీరు వెళ్ళినంత మేరకే మనమూ దిగాలి.

ఇంతవరకు శాస్త్రం చెప్పాను. ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగం చేయడానికి నాకు అధికారం లేదు.

1986వ సంవత్సరం. ఆగస్టు 15, శుక్రవారం. ఆనాడు వరలక్ష్మీవ్రతం. అప్పుడు మా ఇల్లు భద్రాచలంలో పల్లపు వీధిలో ఉండేది. ముందురోజు నుంచే ఖాళీ చేయండని చాటింపు వేస్తున్నారు. మా అమ్మ తెల్లవారుజామునే స్నానం చేసి కలశస్థాపన చేసినది. మధ్యాహ్నానికి వీధి చివర నీళ్ళు కనిపించినవి. "అమ్మా, వెళదాము" అన్నాను. "మండపంలో అమ్మవారిని కూర్చోబెట్టాను రా. రేపు ఉద్వాసన చెప్పకుండా నేను గడప దాటను" అన్నది. అప్పటికి నాకు ముప్పయి ఆరేళ్ళు. పాఠశాలలో పాఠం చెబుతున్నాను. ఆపత్కాలంలో ఆవాహన చేసిన దేవతకు క్షమాపణ చెప్పుకొని అక్కడికక్కడే ఉద్వాసన చేయవచ్చునని నాకు తెలుసు. ఆ మాట అమ్మతో గట్టిగా చెప్పలేకపోయాను. రాత్రికి తొడల లోతు నీటిలో, ఒక చేత దీపం, ఒక చేత చిన్నవాణ్ణి పట్టుకొని బయటపడ్డాము. అమ్మ కలశాన్ని నెత్తిన పెట్టుకొని నడిచినది. మరునాడు, ఆగస్టు 16న, గోదావరి 75.6 అడుగులకు చేరినది. నేటికీ అదే అన్నిటికన్న పెద్ద అంకె. మా ఇంటి కప్పు కూడ కనిపించలేదు.

మమ్మల్ని ఎత్తు మీద ఉన్న ఒక బడిలో ఉంచారు. అక్కడ అన్ని కులాలవారమూ ఒకే వరండాలో ఉన్నాము. పులిహోర పొట్లాలు వచ్చినవి. అమ్మ ముట్టలేదు. ఎవరు వండారో, ఏ మడితో వండారో తెలియదు గనుక తినదు. రెండవరోజున మా పక్కనే ఉన్న ఒక కోయ వృద్ధురాలు ఆకుదొప్పలో జొన్నజావ పోసి తెచ్చినది. "తాగమ్మా. గోదారి తల్లి నీ ఇల్లూ తీసుకున్నది, నా గుడిసే తీసుకున్నది" అన్నది. అమ్మ రెండు చేతులూ జోడించి వద్దన్నది. ఆ ముసలమ్మ నొచ్చుకోలేదు, దొప్పను అక్కడే పెట్టి వెళ్ళినది. సాయంత్రానికి ఆ జావకు ఈగలు ముసిరినవి.

మూడు రోజులు మా అమ్మ మంచినీటి మీద, రెండు అరటిపండ్ల మీద గడిపినది. వరండాలో ఉన్నవారందరూ "ఎంత నిష్ఠ! ఎంత నిష్ఠ!" అన్నారు. ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. ఆ మాటలు వింటూ నేను లోలోపల సంతోషించాను. మా ఇంటి ఆచారం పదిమంది ఎదుట నిలబడినదని గర్వపడ్డాను. నాలుగవ రోజున ఆమెకు జ్వరం తగిలినది. ఆ తరువాత మునుపటి మనిషి కాలేదు. ఆ పుష్యమాసంలో వెళ్ళిపోయినది. ఉపవాసమే కారణమని వైద్యులు అనలేదు. వయస్సు అన్నారు. నేను మాత్రం ఆ ఆకుదొప్పను మరచిపోలేదు.

ఎందుకంటే ఆ సంవత్సరమే నేను విద్యార్థులకు ఛాందోగ్యోపనిషత్తు చెబుతూ ఉషస్తి చాక్రాయణుని కథ చెప్పి ఉన్నాను. కురుదేశంలో పంటలన్నీ దెబ్బతిన్నవి. వడగండ్ల వలన అని కొందరు, మిడతల వలన అని కొందరు వ్యాఖ్యానిస్తారు. ఉషస్తి గొప్ప పండితుడు. భార్యతో కలిసి ఒక మావటివాండ్ర పల్లెలో దరిద్రంలో ఉన్నాడు. ఒక మావటివాడు గుగ్గిళ్ళ వంటివి తింటూంటే, వాటిలో నాకు పెట్టు అని అడిగాడు. నా పాత్రలో ఉన్నవి తప్ప వేరే లేవే అన్నాడతడు. అవే పెట్టు అన్నాడు ఉషస్తి. పెట్టాడు. ఇదిగో నీళ్ళు కూడ తాగు అన్నాడు మావటివాడు. ఆ నీళ్ళు ఎంగిలి, నాకు పనికిరావు అన్నాడు ఉషస్తి. మరి గుగ్గిళ్ళు ఎంగిలి కావా? అప్పుడు ఉషస్తి చెప్పిన సమాధానం యొక్క తాత్పర్యం ఇది: అవి తినకపోతే నేను బతకను. నీళ్ళు నాకు కావలసినన్ని దొరుకుతాయి.

గమనించండి. ఆయన ఆచారాన్ని పారవేయలేదు. ప్రాణం నిలుపుకోవడానికి ఎంత సడలించాలో అంతే సడలించాడు. అవసరం లేని చోట మళ్ళీ బిగించాడు. మిగిలినవి భార్యకు తీసుకువెళ్ళాడు. ఆమెకు అప్పటికే భిక్ష దొరికినది గనుక వాటిని దాచి ఉంచినది. మరునాడు ఆ చద్ది గుగ్గిళ్ళే తిని ఆయన రాజుగారి యజ్ఞశాలకు వెళ్ళి, అక్కడి ఋత్విక్కులను ప్రశ్నలతో నిలదీసి, తానే ఋత్విజుడై కూర్చున్నాడు. ఎంగిలి తిన్నందుకు ఉపనిషత్తు ఆయనను బయట నిలబెట్టలేదు, యజ్ఞానికి పిలిచినది.

ఈ కథ మా అమ్మకు చెప్పి ఉంటే ఆమె ఆ జావ తాగేది. వేదం అంటే ఆమెకు అంత గౌరవం. నాకు కథ తెలుసు, అర్థం తెలుసు, స్వరంతో సహా చెప్పగలను. పక్కన కూర్చున్న తల్లికి మాత్రం చెప్పలేదు. కాబట్టి మడి కట్టుకొనే తల్లులందరికీ ఈ వేదిక మీద నుంచి చెబుతున్నాను. పునరావాస కేంద్రంలో ఏ చేయి అన్నం పెడితే ఆ చేయి అన్నపూర్ణ చేయి. చక్కెరవ్యాధికి, రక్తపోటుకు మందులు వాడేవారు తినకుండా ఉండడం నిష్ఠ కాదు, ఇంటివారికి మరొక ఆపద తెచ్చిపెట్టడం.

2022లో గోదావరి జూలై 16న 71.3 అడుగులు చేరినది. వంతెన మీద రాకపోకలు ఆపివేశారు. మొదటి హెచ్చరిక నాడే పూజామందిరంలో దీపం కొండెక్కించి, సాలగ్రామాన్ని చేతిసంచిలో పెట్టుకొని మేము బయలుదేరాము. కేంద్రంలో పెట్టిన అన్నం, పప్పు అందరితోపాటు వరుసలో నిలబడి పెట్టించుకొన్నాను. నన్ను గుర్తుపట్టిన ఒకాయన, "శాస్త్రిగారూ, మీకు వేరుగా తెప్పించమంటారా?" అని అడిగారు. వద్దన్నాను. మొదటి ముద్ద గొంతు దిగడానికి కొంచెం సేపు పట్టినది. కారణం మీకు చెప్పాను గదా.

ఇక అడవి సంగతి. ఇది వరద వంటిది కాదు. పిడుగు పడి మన అడవి అంటుకోవడం అరుదు. మాఘం నుంచి టేకు, ఇప్ప, తునికి, మద్ది ఆకులు రాల్చి నేలంతా ఎండుటాకు పరుస్తాయి. చైత్రం వచ్చేసరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికాకు కొత్త చిగురు బాగా వస్తుందని మంట పెడతారు. దారిన పోయేవాడు బీడీముక్క విసురుతాడు. తాపత్రయ విభాగంలో దీనిని ఆధిదైవికం అనడానికి వీలు లేదు. మనుష్యులు పెట్టినది గనుక ఆధిభౌతికమే. ఆ మంట చాలవరకు నేలమీదనే పాకుతుంది. పెద్ద మానులు నిలబడి ఉంటాయి గనుక నష్టం లేదనుకొంటాము. మొలకలు, గూళ్ళలోని గుడ్లు, తాబేళ్ళు, వానకు మట్టిని పట్టి ఉంచే ఆకు, ఇవి పోతాయి. ఆ మట్టే శ్రావణంలో గోదావరిలోకి కొట్టుకొని వస్తుంది.

అడవిబిడ్డలను తప్పుపట్టడం సులభం. అందుచేత ముందు మన తప్పు చెబుతాను. కొన్నేళ్ళ క్రితం శ్రీరామనవమి కల్యాణానికి నేను పెద్దగా ఒక పాదయాత్ర బృందం బయలుదేరినది. పాల్వంచ దాటిన తరువాత అడవి అంచున చెట్ల నీడలో మూడురాళ్ళ పొయ్యి పెట్టి వంట చేసుకొన్నాము. భోజనాలు అయినవి, భజన చేసుకొంటూ బయలుదేరాము. పొయ్యిలో నిప్పు ఆరినదా అని చూసినవాడు లేడు. గాలి లేచినది. ఎండుటాకు అంటుకొని, ఆ మంట పొలం గట్టు మీదుగా పాకి ఒక వితంతువు గడ్డివామిని కాల్చివేసినది. ఊరివాళ్ళు పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పకపోతే ఆమె కొట్టంలోని పాడిగేదె కూడ పోయేది. ఆ సంగతి మాకు రెండవరోజు తెలిసినది. వెనుకకు వెళ్ళి ఆమెకు గడ్డి కొనిచ్చాము. ఆమె ఒక్క మాటే అన్నది. "రాముడి దగ్గరికి పోయేటోళ్ళు గదా, వెనక్కి చూడరా?"

ఋగ్వేదంలో మొట్టమొదటి పదమే అగ్ని. హోమం చేసినప్పుడు ఆవాహన చేసిన అగ్నికి పూర్ణాహుతి ఇచ్చి ఉద్వాసన చెప్పనిదే మనం ఆసనం నుంచి లేవము. కలశంలోని అమ్మవారికి ఉద్వాసన చెప్పలేదని మా అమ్మ వరదలో ఇల్లు కదలనన్నది. ఆమె కొడుకునైన నేను అడవిలో వెలిగించిన అగ్నిని అలాగే వదిలి లేచిపోయాను. పొయ్యిలోని అగ్నిని కూడ హోమకుండంలోని అగ్నిలాగే చూసుకోవలసినది.

మహాభారతం ఆదిపర్వంలో ఖాండవదహనం ఉన్నది. అందులో జరిత అనే ఆడపక్షి, ఇంకా రెక్కలు రాని ఆమె నలుగురు పిల్లలు, చుట్టూ మంట. తండ్రి మందపాలుడు దగ్గర లేడు. ఎలుకబొరియలో దూరండి, పైన మన్ను కప్పుతాను, మంట తగ్గాక వచ్చి తీస్తాను అన్నది తల్లి. బొరియలో ఎలుక తినివేస్తుంది, దాని కంటె అగ్ని మేలు అన్నారు పిల్లలు. ఎలుకను డేగ ఎత్తుకుపోయినదని చెప్పినా నమ్మలేదు. అమ్మా, నీవు ఎగిరిపో, నీవు బతికితే మన వంశం ఉంటుంది అన్నారు. ఆమె ఏడుస్తూ ఎగిరినది. పిల్లలు అగ్నిని స్తుతించారు. అగ్ని వారిని విడిచిపెట్టాడు. అంతా అయిన తరువాత మందపాలుడు వచ్చి పిల్లలను పలకరిస్తే ఎవరూ జవాబు చెప్పలేదు. జరిత అతణ్ణి గట్టిగానే దెప్పినది. (ఊళ్ళో ఆపద వచ్చినప్పుడు కనిపించక, అన్నీ సర్దుకొన్నాక పరామర్శకు వచ్చే మందపాలురు మనకూ ఉన్నారు.)

ఎగరగలవారు ఎగరలేనివారిని ఎలా కాపాడాలి అనే చిక్కు ప్రతి ఇంటికీ ఏదో ఒకనాడు వస్తుంది. మంచం పట్టిన తాత, బాలింత, కట్టుకొయ్యకు కట్టివేసిన పశువు. కట్టుతాడు ముందు విప్పండి, తరువాత పెట్టెలు చూసుకోండి. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకొన్నారు. అటూ ఇటూ నీరు. గంటలు గడిచినవి. హర్యానా నుంచి బతుకుతెరువుకు వచ్చిన ఒకాయన తన యంత్రాన్ని నడుపుకొంటూ ఆ నీటిలోకి వెళ్ళి వారందరినీ తీసుకొని వచ్చాడు. మన ఊరు కాదు, మన భాష కాదు, మన మతం కాదు. పోతే తనది ఒక్క ప్రాణం, తిరిగి వస్తే తొమ్మిది ప్రాణాలు అని లెక్క వేసుకొన్నాడట. ఆ తొమ్మిదిమంది ఏ పాపం చేసి అక్కడ చిక్కుకొన్నారని ఆయన అడగలేదు. అమ్మా, నిన్న మీరు అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన సమాధానం ఆయనే.

హారతివేళ అయినది. రేపు బయలుదేరే పాదయాత్ర బృందం పెద్దలు నన్ను కలిసి వెళ్ళవలసినది. మండపంలో రెండు పారలు, నాలుగు బిందెలు పెట్టించాను, వాటిని మీ బండిలో వేసుకోండి. వంట చేసే చోట ముందు చుట్టూ ఆకు ఊడ్చి, పొయ్యి గుంటలో పెట్టండి. లేచేముందు నీరు పోసి, కట్టెతో కలియబెట్టి, మళ్ళీ పోసి, బూడిదను చేత్తో తాకి చూడండి. చల్లగా తగిలితే అప్పుడు ఉద్వాసన అయినట్లు.